అత్త అరచెయ్యి

కోట అనే ఊరి దగ్గర మా మేనత్తకు రొయ్యల గుంట ఉండేది. అందులో చెయ్యి ముంచి అరచెయ్యి వాసన చూడటం ఆవిడ అలవాటు. గాలి చాలక అడుగు బురద కుళ్లుతుంటే ముందు ఆ చేతికే తెలిసేది.

పక్క గుంటాయన తన రొయ్యలకు తెగులొస్తే ఎవరికీ చెప్పకుండా ఆ నీళ్లు కాలవలోకి వదిలేశాడు. అవే నీళ్లు పెట్టుకున్న అత్త పంటంతా పోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

మరుసటేడు, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, అత్త అన్నం తింటూ ఆగిపోయింది.

"ఆయన గుంటకేందో అయిందిరా. నాకు మనసు మనసులో లేదు."

చెయ్యి కడుక్కుని కట్ట మీద గబగబా నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

"వొద్దత్తా! రొయ్యలు చస్తే నువ్వే మందు కలిపినావంటారు."

వినలేదు. ఆయన గుంటలో మోచేతి దాకా చెయ్యి ముంచింది. షెడ్డులో కునుకు తీస్తున్న ఆయన కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నా గుంటలో ఏం కలపతా ఉండావు?"

అత్త తడి అరచెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. కర్ర ఇంకా పైకెత్తే ఉంది.

వాసన చూశాడు. మొహం పాలిపోయింది. కర్ర పారేసి, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు వెయ్యడానికి పరుగెత్తాడు.

తిరిగొస్తూ అడిగాను: "ఆయన్ని క్షమించినావా అత్తా?"

"నేనెందుకు క్షమిస్తాను? రొయ్యలేం పాపం చేసినాయిరా?"

అలా అన్న మనిషి, చీకటి పడేదాకా మా కట్ట మీదే నిలబడి, ఆయన ఏరేటర్ల చప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని చెవులప్పగించి వింటూనే ఉంది.