తాపీ ఒడ్డున బాపు ఎత్తిన చెయ్యి

నా చిన్నప్పుడు మాకు షికారంటే కరెంటు తీసే రోజే. వారంలో ఆ ఒక్కరోజు సూరత్‌లో మా పేట మరమగ్గాల షెడ్లన్నీ ఆగేవి. అలాంటి ఒక సెలవునాడు మా బాపు, తాపీ ఒడ్డునున్న నవాబుల కాలపు మహల్ తోట చూపిస్తానని మమ్మల్ని నది వెంట నడిపించాడు. అమ్మ జొన్నరొట్టెలు, ఉల్లికారం మూటగట్టింది. తమ్ముడి చెయ్యి వదలొద్దని నాకు హుకుం వేసింది.

సగం దారిలో నది బాగా తగ్గి, నడుమ ఇసుకదిబ్బ తేలి కనిపించింది. గుల్లలు ఏరుకుంటామని మేమిద్దరం దిగితే ఎవరూ వద్దనలేదు. మాది కరీంనగర్ వైపు. మాకు తెలిసిన వాగులన్నీ ఎగువన వాన పడితేనే పొంగుతాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఇక భయమేముందని అమ్మ, బాపు చెట్టు నీడన కూర్చున్నారు. సముద్రం పోటెక్కితే తాపీ వెనక్కి నడుస్తుందని మాలో ఒక్కరికీ తెలియదు. ఊరికి కొత్తవాళ్ళం, నదికి మరీ కొత్తవాళ్ళం.

ఒడినిండా గుల్లలు పోసుకుని తలెత్తేసరికి, మేము నడిచివచ్చిన చోట నీళ్ళు పారుతున్నాయి. అదీ దిగువ నుంచి ఎగువకు! తమ్ముడు ఏడుపు లంకించుకుని నన్ను నీళ్ళలోకి గుంజాడు. ఒడ్డు మీద అమ్మ ఏదో అరుస్తోంది, గాలికి ఒక్క ముక్కా వినపడదు. నాకూ ఒక్క ఉరుకులో దాటేద్దామనిపించింది.

బాపు మాత్రం అరవలేదు. అరచెయ్యి నా వైపు ఎత్తి నిలబడ్డాడు. మగ్గాల మోతలో మాట వినపడదు కనుక బాపు పనిచేసే షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. వాళ్ళకు రోజూ చాయ్ మోసిన నాకు ఆ సైగలు కంఠతా వచ్చు. ఎత్తిన అరచెయ్యి అంటే, మిషన్ ఆపు. ఆగిపోయాను. తమ్ముణ్ణి గట్టిగా అదుముకుని, మడమల దాకా నీళ్ళొచ్చినా కదల్లేదు. బాపు ఒక కర్ర అందుకుని, ఒడ్డు వెంట లోతు చూసుకుంటూ పోయి, గట్టి నేల తగిలిన చోట దిగాడు. తొడలోతు నీళ్ళలో వచ్చి మా ఇద్దరినీ ఎత్తుకుపోయాడు. గుల్లలన్నీ తాపీ తల్లికే.

ఇంటికి తిరిగిపోయామనుకుంటున్నారేమో! తడిబట్టలతోనే తోటకు పోయాం. రాతి కమాను కింద కూర్చుని రొట్టె తుంచుతూ బాపు అడిగాడు.

"పోగు తెగితే ఏం జేస్తం బిడ్డా? గుంజుతమా?"

"లేదు బాపూ, మిషన్ ఆపుతం."

"గంతే. గుంజితే పక్క పోగులు గూడ తెగుతయ్."

మా బాపుకు భయమనేదే తెలియదని నాకు ఎంత గర్వమో! అంతలో అమ్మ మణికట్టు కంట పడింది. రెండు గాజులు లేవు. గీరుకుపోయి నెత్తురు చారలున్నాయి.

"ఏందమ్మా గిది?" అన్నాను.

"మీ బాపే. నీకు చెయ్యి చూపెట్టేటప్పుడు ఇంకో చేత్తోని గాజులు పలిగేదాక నన్ను పట్టుకున్నడు" అని నవ్వింది అమ్మ. బాపు తల వంచుకుని రొట్టె తింటున్నాడు.

తర్వాత నా సంసారంలోనూ పోగులు తెగాయి. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడినప్పుడు, పెద్దవాడు ఆసుపత్రిలో కళ్ళు తెరవనప్పుడు, పిల్లలందరూ నా మొహం వైపే చూశారు. ఒక చెయ్యి ఎత్తి వాళ్ళకు చూపించాను. బిగుసుకుపోయిన రెండోది కొంగు కింద దాచుకున్నాను.