డప్పుకు చెప్పిన మాట

మలేరియా మీద పాటలు కట్టి డుంబ్రిగుడ చుట్టుపక్కల ఊళ్లు తిరిగే కళాజాతాలో గంగాభవానిది పాట, ఆమె మొగుడి అన్న సోంబరుది డప్పు. తొంభైల చివరి మాట ఇది. తమ్ముడి పెళ్లాం బావతో ఎదురుపడి మాట్లాడకూడదన్నది వాళ్ల ఇళ్లలో కట్టుబాటు. అంతమాత్రాన పని ఆగిందా ఏమిటి? ఆమె డప్పు వైపు తిరిగి, "ఓ డప్పూ, కాస్త మెల్లగా రా" అనేది. సోంబరు కూడా, "అలాగేలే డప్పూ" అని దరువు సరిచేసుకునేవాడు.

టైటస్ మాస్టారు జట్టుకు ఇన్‌చార్జిగా వచ్చాక మొదలయ్యాయి తిప్పలు. మనిషి మంచివాడే. కానీ విశాఖలో ఏదో ట్రైనింగుకు వెళ్లొచ్చి నియమాలు పెట్టాడు.

"తప్పుంటే ఆ మనిషి మొహం చూసి చెప్పాలి. ఎత్తిపొడుపులు వద్దు. డప్పుతో మాట్లాడటమేమిటమ్మా, ఎగతాళి కాకపోతే?"

"ఎగతాళేటి సారూ! అది మాకు మరియాద."

"పనిచోట బావా లేడు, మరదలూ లేదు. అందరూ కళాకారులే."

ఎన్ని విధాల చెప్పినా ఆయన తలకెక్కలేదు. ఆమె విసిగి డప్పుతో మాట్లాడటం మానేసింది.

ఆ తర్వాత కట్టిందే కొత్త పాట. జ్వరం తగ్గిందని మాత్రలు సగంలో ఆపేస్తే ఒక పిల్ల మళ్లీ లేవలేదని అందులో ఒక చరణం. ఆ పిల్ల గంగాభవాని కూతురే. ఆ చరణం నలుగురి చెవినా పడాలనే ఆమె జాతాలో చేరింది. తీరా అక్కడికి వచ్చేసరికి సోంబరు దరువు పరుగందుకునేది. మాటలన్నీ మింగేసేది. జనం ఈలలు వేసి గంతులేసేవారు. ఆమెకు ఒళ్లు మండిపోయేది.

"మీరైనా ఆయనకి సెప్పండి సారూ" అని బతిమాలింది.

"నన్ను మధ్యలోకి లాగొద్దు. నేరుగా అడుగు" అన్నాడు టైటస్.

డుంబ్రిగుడ సంతలో మళ్లీ అదే తంతు. ఇక పట్టలేకపోయింది. పాట టక్కున ఆపేసింది. టైటస్ కళ్లెర్రజేస్తున్నా లెక్కచేయక డప్పు వైపు తిరిగింది.

"ఓ డప్పూ! నా గుంట మాట వచ్చినకాడే ఏల పరిగెడతావు? నీకేటి పాపం సేసినాను?"

సోంబరు తల ఎత్తలేదు. అరచెయ్యి డప్పు మీద ఆనించాడు.

"డప్పూ, ఆయమ్మకి సెప్పు. ఆసుపత్రికి మోసుకుపోతన్నప్పుడు గుంట నా బుజమ్మీదే పోనాది. ఆ ముక్క నాను ఇనలేను."

గంగాభవాని కొంగుతో మొహం తుడుచుకుంది.

"నానూ ఇనలేను డప్పూ. అయినా పాడాల. నువ్వు మెల్లగా రా."

దరువు నెమ్మదించింది. ఆ చరణం మొదటిసారి సంతంతా విన్నది.

సంత పలచబడ్డాక టైటస్ దగ్గరికి వచ్చాడు. "ఇదే మాట మొదట్లోనే ఆయన మొహం చూసి అడిగి ఉంటే అయిపోయేది కదమ్మా!"

గంగాభవాని ఆయన వైపు చూడను కూడా లేదు.

"ఓ డప్పూ, ఈ సారుకి కూడా నువ్వే సెప్పు" అని నడిచి వెళ్లిపోయింది.