పావురం, పావురాయి

బెంజ్ సర్కిల్ దగ్గర వేయించిన పల్లీల వాసన తగిలితే ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం సువార్తమ్మగారు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. ఆ మంట ఆవిడ మీద కాదు, నా మీదే.

డెబ్బైల మొదట్లో, పటమటలో ఆవిడ ఇంటి వెనక పాకలో పళ్లపొడి తయారయ్యేది. పొట్లం మీద రెమ్మ పట్టుకున్న పావురం బొమ్మ, కింద ‘పావురం మార్కు’ అన్న అక్షరాలు. స్కూలు చదువయ్యాక నేను అక్కడ బిల్లులు రాయడానికి చేరాను. పొడి రెండోసారి జల్లించకుండా కట్టించానని ఒకసారి పొట్లాలన్నీ విప్పించారు. "ఎవరు చూస్తారండీ?" అన్నాను. "తోముకునేవాళ్ల చిగుళ్లు చూస్తాయమ్మా," అన్నారు.

మా దగ్గర సరుకు కొని అమ్ముకునే ఒక పెద్దమనిషి ‘పావురాయి మార్కు’ అని సొంత పొడి పెట్టి, గుట్టుగా రిజిస్టరు కూడా చేయించుకున్నాడు. తెలిసి ఆవిడా దరఖాస్తు పెట్టారు. అది తిరిగొచ్చింది. అప్పటికే రిజిస్టరైన గుర్తును పోలి ఉందట! ప్లీడరుగారు విడమరిచి చెప్పారు. "చదువు రానివాళ్లు బొమ్మ చూసి, నోటికొచ్చిన పేరుతో అడుగుతారండీ. పావురమన్నా పావురాయన్నా వాళ్లకి ఒకటే పిట్ట. అందుకే రెండోవాళ్లకి ఇవ్వరు."

"రెండోవాళ్లం మేమా?" అన్నారావిడ.

"కాదని చూపిద్దాం. ఆయనకంటే ముందునాటి బిల్లుగానీ, పొట్లం కాగితంగానీ తీసుకురండి."

అవి నా చేతులమీదుగానే పోయాయి. అంతకుముందు క్రిస్మస్‌కి సున్నాలు వేయిస్తూ "గది ఖాళీ చెయ్యమ్మా," అన్నారావిడ. నేను అతితెలివికి పోయి పాత కాగితాల మూటంతా పల్లీలవాడికి ఇచ్చేశాను. బదులుగా వాడిచ్చిన పల్లీలు ఆవిడా నేనూ కూర్చుని తిన్నాం కూడా. ఆ సంగతి ఏడుస్తూ చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే ఇన్నేళ్లూ ఇంత బాధ ఉండేది కాదు.

ఆ వేసవిలో మైలవరంలో ఒక కొట్టుకి సరుకు తీసుకెళ్లాం. "మీది డూప్లికేటంట కదమ్మా," అంటూ కొట్టాయన సంచి వెనక్కి నెట్టాడు. ఆవిడ ఒక పొట్లం విప్పి, వేలితో అద్దుకుని, అక్కడే పళ్లకి రుద్దుకున్నారు. "ఇది నాదేనండీ," అన్నారు. ఆయన నవ్వాడు. తిరుగు బస్సులో ఆవిడ అన్నారు. "సరోజా, రేపట్నించి బొమ్మ లేకుండా కడదాం. జల్లించడం మాత్రం రెండుసార్లే."

బొమ్మ లేని పొట్లం ఎవరూ కొనలేదు. ఆ ఏడాదే పాక మూతపడింది.

ఇప్పటికీ పల్లీలు కొంటే వాటిని పక్కన పోసి, ముందు పొట్లం కాగితం మడతలు విప్పుతాను. తేదీ ఉందేమో చూస్తాను. పావురం ఉందేమో చూస్తాను.