సుజాతక్క నీళ్ల సీసా

సుజాతక్క నీళ్ల సీసాలో వాడిన పిపెట్ మొన ముంచింది నేనే. ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మొన్న బొల్లారంలో మా మందుల ఫ్యాక్టరీ ఆఫీసు కిటికీలోని జెముడు కుండీ జరుపుతుంటే బొటనవేల్లో ముల్లు దిగింది. పీకి చూస్తే మొదలు దగ్గర కొంచెం పచ్చగా ఉంది. "ప్రాణమంతా అక్కడే ఉంటుంది శ్రీనూ" అనేది సుజాతక్క.

అప్పట్లో నేను ఇంటర్ తప్పి, సంగారెడ్డి దగ్గర ఒక కాలేజీ ప్రయోగశాలలో అటెండర్‌గా చేరాను. ఆమె ఎమ్మెస్సీ చివరి ఏడాది చదువుతోంది. గోదావరి వైపు వాళ్లు. తండ్రి ప్లాంటు ఉద్యోగం వల్ల బీరంగూడలో స్థిరపడ్డారు. నాగజెముడు కండలోంచి డీఎన్‌ఏ తీయబోతే జిగురు అడ్డం పడుతుంది. ముల్లులో జిగురుండదు కదా, అందులోంచే తీస్తే? అదీ ఆమె ఆలోచన. కంది పొలాల గట్ల మీద ముళ్లు కోసుకొచ్చి కల్వంలో నూరేది.

"ఏందక్కా, మసాలా నూరుతున్నవా?" అన్నాను ఒకసారి.

"నీ పెళ్లి బిర్యానీలోకి. చేతులు కడుక్కుని రా, నేర్పిస్తా."

అటెండర్ చేతికి చుక్కల లెక్కన ద్రవాలు తీసే పిపెట్ ఇచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఇంటర్ మళ్లీ కట్టించిందీ ఆమే. ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్లినప్పుడు ఒంటరిగా సాధన చేస్తూ, ఎవరో తీసిపెట్టిన ఆకు డీఎన్‌ఏలో ముంచిన మొనను మార్చకుండా ఆమె ప్రయోగాలకు వాడే శుద్ధమైన నీళ్ల సీసాలో పెట్టాను. చేసిన తప్పు వెంటనే తెలిసింది. మూత బిగించి సీసా ఉన్నచోటే ఉంచాను.

రెండు రోజుల తర్వాత ముల్లు డీఎన్‌ఏకు బ్యాండ్, అంటే అది ఉన్నట్టు చూపే చార, చక్కగా వచ్చింది. కానీ ముల్లు పొడి వేయకుండా, మిగతావన్నీ కలిపి సరిచూసుకోవడానికి పెట్టిన ట్యూబులో కూడా వచ్చింది. అక్కడ రాకూడదు. ఆ ఫలితం నిలబడితే పరిశోధనకు తన దగ్గరే చేర్చుకుంటానని ఆమె ప్రాజెక్టు చూసే సార్ ఆమెకు మాటిచ్చి ఉన్నారు.

"శ్రీనూ, నా సీసా ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదక్కా."

ఉద్యోగం పోతుందని భయం. ఆమె నా మాట నమ్మి నీళ్లను అనుమానించలేదు. కల్వం తోమింది, మళ్లీ నూరింది, అవే నీళ్లు వాడింది. మళ్లీ అదే బ్యాండ్. "ముల్లులో ఏం లేదమ్మా, అంతా బయటి కల్తీయే. వదిలెయ్" అన్నారు సార్. పరిశోధనలో చేరే గడువు అయిపోయింది.

ఆమె నోట్‌బుక్‌లో ఫలితాన్ని కొట్టేస్తుంటే వైట్‌నర్ అందించబోయాను.

"వద్దు. మా నాన్న ప్లాంటులో కొలతలు తనిఖీ చేస్తారు. తప్పు కొలతను ఒక్క గీతతోనే కొట్టెయ్యాలి, కింద ఏముందో కనపడాలంటారు. రేపెవరైనా తప్పెక్కడ జరిగిందో వెతకొద్దూ?"

ఒక గీత, పక్కన సంతకం, తేదీ. కారణం రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది.

ఆమెకు సీటు రాలేదు. బీరంగూడలోనే బడి టీచరైంది. నేను డిగ్రీ పూర్తి చేసి ఈ ఫ్యాక్టరీలో నాణ్యత విభాగానికి వచ్చాను. కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడికీ ఒక గీత, సంతకం, తేదీ, కారణం అని నేనే నేర్పుతాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం చెప్పేవాణ్ని కాదు.

ముల్లు దిగిన తర్వాతి ఆదివారమే సుజాతక్క వాళ్లింటికి వెళ్లాను. టీ చల్లారేదాకా కూర్చుని చెప్పాను. "ఆ సీసా ఖరాబు చేసింది నేనే అక్కా. నువ్వు అడిగినప్పుడు అబద్ధం చెప్పిన."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది.

"అప్పుడే చెప్పుంటే తిట్టేదాన్ని. తిట్టి, సాయంత్రంలోగా కొత్త నీళ్లతో చేసేసేదాన్ని. ఒక్క పూట పని శ్రీనూ."

లోపలికెళ్లి పాత నోట్‌బుక్ తెచ్చింది. ఆ పేజీ తీసి పెన్ను నా ముందు పెట్టింది.

ఆమె గీత పక్కన ఖాళీగా ఉన్నచోట రాశాను: "నీళ్లలో కల్తీ. చేసింది నేను, దాచింది నేను. ముల్లు తప్పు లేదు, సుజాతక్క తప్పు లేదు. క్షమించమని అడుగుతున్నాను." సంతకం చేసి, ఆ రోజు తేదీ వేశాను.