కప్పినది జారితే

సాసోన్ లాంటి మొండి ఘటాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. బాగ్దాదులో బట్టల కొట్టూ మేడ ఇల్లూ వదిలేసి, మా యూదులందరిలాగే విమానమెక్కి ఈ కొత్త దేశానికి వచ్చిపడ్డాడు. శిబిరంలో మా పక్క గుడారం వాళ్ళది. వాళ్ళంటే అతనూ, భార్య ఖాతూనూ. పిల్లల్లేరు. వెంట తెచ్చుకున్న సామానులో చెప్పుకోదగ్గది ఒక్కటే, ఖాతూన్ పుట్టింటివాళ్ళు పెట్టిన ఉన్ని బొంత.

మిగతా రాత్రులు ఆ బొంత కింద ఇద్దరూ పడుకునేవారు. శుక్రవారం రాత్రి మాత్రం అది కుండది, వాళ్ళకు శిబిరంలో ఇచ్చిన పలచటి కంబళ్ళే. ఆ రోజు పొద్దు వాలి సబ్బాతు, అంటే మా శనివారపు విశ్రాంతి దినం, వచ్చాక పొయ్యి ముట్టించకూడదు. ముందే వెలిగించి తెల్లార్లూ ఉంచుదామంటే కిరసనాయిలు లేదు. అందుకని పొద్దు వాలకముందే తబీత్ వండి దించి, కుండకు బొంత చుట్టేసేది ఖాతూన్. తబీత్ అంటే కోడి కడుపులో బియ్యం కూరి వండాలి. ఇక్కడ కోడి ఎక్కడేడ్చింది! రేషను బియ్యం, పైన రెండు గుడ్లు, అంతే. మర్నాడు ప్రార్థన అయ్యాక విప్పితే ఆవిర్లు కక్కేది.

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె! మనుషులు వణుకుతుంటే కుండకు బొంతేమిటన్నా?" అన్నాను ఒకసారి ఉండబట్టలేక.

"కొట్టు పోయింది, ఇల్లు పోయింది. శనివారం వేడి అన్నం కూడా పోతే ఇంక మనమెవరం నయీమా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ వదిన వారమంతా నాకు పెట్టేసి తను గిన్నె అడుగు గీక్కుంటుంది. ఆ ఒక్కపూటన్నా నా కళ్ళముందు కడుపునిండా తినాలి. చల్లన్నం దానికి సయించదు" అన్నాడు.

"చాల్లే సంబడం!" అంది ఖాతూన్, మొహం అటు తిప్పుకుని.

ఆ చలికాలం గుడారాల మీద మంచు పడింది. సాసోన్‌కు దగ్గు పట్టుకుంది, తర్వాత జ్వరం. డాక్టరు చూసి, వెచ్చగా ఉంచండి, తగ్గిపోతుంది అన్నాడు. శుక్రవారం సాయంత్రం ఖాతూన్ బొంత పట్టుకుని నిలబడింది.

"ఒక్క వారం చల్లన్నం తింటే చచ్చిపోం. ఇది నీకు కప్పుతాను."

"ఒసేయ్, ముందు కుండకు చుట్టు. చీకటి పడ్డాక కొత్తగా చుట్టడానికి వీల్లేదు."

ఆమె తిట్టుకుంటూనే కుండకు చుట్టింది. కానీ రాత్రి భోజనమయ్యేసరికి అతని పళ్ళు టకటకలాడటం మా గుడారంలోకే వినిపించింది. ఆమె బొంత లాగి అతనికి కప్పేసింది.

"పిచ్చిదానా, కుండ..."

"ముందే కప్పినది జారితే మళ్ళీ కప్పొచ్చని నువ్వేగా చెప్తావు! నీ వణుకు తగ్గాక మళ్ళీ చుడతాలే. నోరు మూసుకుని పడుకో."

జ్వరం వచ్చినప్పటి నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. అలాగే కూర్చుని నిద్రపోయింది.

తెల్లవారి ఆమె కేక విని పరుగెత్తాను. బొంత కుండ చుట్టూ ఉంది. అంచులు చక్కగా లోపలికి దోపి ఉన్నాయి. అతని కంబళి ఆమె భుజాల మీద ఉంది. అతని ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. పాదం ముట్టుకున్నాను, మంచులా ఉంది. అయ్యో అన్నా, ఎంత పని చేశావయ్యా అని నోట్లో కొంగు కుక్కుకున్నాను.

సబ్బాతు పోయేదాకా పాతిపెట్టకూడదు. పెద్దలొచ్చి గట్టిగా ఏడవొద్దన్నారు. శవం ముందు తినకూడదు గనక మా గుడారంలోకి వచ్చి ఒక ముద్ద తినమని ఖాతూన్‌ను బతిమాలాను. ఆమె అతని పక్కనుంచి కదల్లేదు.

మధ్యాహ్నం లేచి కుండ దగ్గరికి వెళ్ళింది. బొంత విప్పింది. సన్నగా ఆవిరి లేచింది. అన్నం ఇంకా వెచ్చగానే ఉంది.

ఆమె అన్నం వైపు చూడలేదు. కుండ వేడి ఇంకా ఆరని ఆ బొంత తెచ్చి అతని మీద కప్పింది. కాళ్ళ దగ్గర అంచులు లోపలికి దోపింది.

"ముందే కప్పాను నయీమా. అదే జారిపోయింది" అంది. "మళ్ళీ కప్పొచ్చుగా?"

"కప్పొచ్చు వదినా" అన్నాను.