ఇసుక బస్తాల వరసలో ఫిలొమీన్

కెనడాలో మా విన్నిపెగ్ ఊళ్లో రెండు నదులు కలుస్తాయి. రైళ్లూ, గోధుమలూ, డబ్బూ కూడా ఇక్కడికే వచ్చి చేరతాయి. అలా తిని తిని ఊరు ఒళ్లు చేసి, అంచున రైలు పట్టాల పక్కన, ఆదివాసీ రక్తమూ ఫ్రెంచి రక్తమూ కలిసిన మా మెటీల పేటను కూడా మింగేసింది. మా మేనత్త ఫిలొమీన్‌కు అప్పుడు పెళ్లీడు. పొయ్యిలో రొట్టె కాలుతుండగానే కాంట్రాక్టరు ప్రిచర్డ్ గుమ్మం ముందుకు బుల్డోజరు తెచ్చాడు.

"రొట్టె తీసుకోనివ్వండి బాబూ. నా పేరు క్లెమాన్స్, ఇక్కడే పుట్టాను..." అంది నానమ్మ.

"నీ పేరుతో నాకేం పని? జరుగు!"

ఆ మాట అత్త మరిచిపోలేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి బతికింది, తమ్ముళ్లను పెంచింది, నానమ్మను అద్దె గదిలో సాగనంపింది. ప్రిచర్డ్‌ను మాత్రం క్షమించలేదు. నేనూ క్షమించలేదు, దాచడమెందుకు?

తొంభై ఏడో సంవత్సరం వసంతంలో ఎర్ర నది పొంగింది. ఉత్తరానికి పారే నది. ఇక్కడ మంచు కరిగినా దిగువన గడ్డకట్టే ఉంటుంది, ఇక నీళ్లకు దారేదీ? వరదొస్తే మా ఊళ్లో ఎవరిల్లని అడగరు, వరసలో నిలబడి గట్టు కట్టడానికి ఇసుక బస్తాలు అందిస్తారు. ఆ రోజు సాయానికి బయల్దేరిన మమ్మల్ని బస్సు దింపింది ప్రిచర్డ్ మేడ ముందు.

నేను వెనక్కి తిరిగాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికిరా? ఇన్నాళ్లకి దొరికాడు."

తిన్నగా వెళ్లి ఆ ముసలాడి పక్కనే నిలబడింది. మొదటి బస్తా అందిస్తూ, "ఇది జోజెట్ ఇల్లు" అంది.

"థాంక్సమ్మా," అన్నాడు వాడు, అర్థం కాక.

"ఇది ఆంబ్రోజ్‌ది. ఇది యూలాలీది, పాపం కళ్లు కనపడవు, గుర్తుందా?"

అవన్నీ వాడు బుల్డోజరుతో కూల్చిన మా పేట ఇళ్లు. వాడి మొహం పాలిపోయింది. తప్పుకుందామంటే వరస తెగుతుంది. నది పెరట్లోకి వచ్చేసింది. గట్టులో ఒక్క సందు మిగిలింది. అత్త ఆఖరి బస్తాను వదల్లేదు.

"ఇవ్వమ్మా, నీళ్లొచ్చేస్తున్నాయి!"

"ఇది మా అమ్మది. పేరు చెప్పి తీసుకో."

"నాకు తెలీదు..."

"ఆవిడ చెప్పింది, నువ్వు వినలేదు. క్లెమాన్స్."

"క్లెమాన్స్," అని గొణిగాడు.

"గట్టిగా! మా మేనల్లుడికి వినపడలేదు."

"క్లెమాన్స్!"

అత్త బస్తా వదిలింది. ఇల్లు నిలిచింది.

"క్షమించేశావా అత్తా?" అన్నాను బస్సులో.

"నా మొహం! మళ్లీ వరద రానీ, మళ్లీ వెళ్తా."

ఇంటికొచ్చి పొయ్యిలో రొట్టె పెట్టింది. అది పూర్తిగా కాలేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు.