లాలీ కోసిన తుపాకీ

పెళ్ళిరోజు కానుక అని చెప్పి ఓవీడ్ తన పెళ్ళానికి తుపాకీ కొన్నాడు. అది నిజంగా ఎవరికోసం కొన్నాడో మా ఊళ్ళో కుక్కలక్కూడా తెలుసు.

మాది బెల్ ప్వాంట్, లూసియానా దక్షిణపు అంచు. వరిచేలు అయిపోయిన చోట చిత్తడిగా ఉండే బీల మొదలవుతుంది, బీల అయిపోయిన చోట సముద్రం. చలి ముదిరేసరికి ఉత్తరం నుంచి బాతులు దిగుతాయి. ఇక అవి తిరిగి పోయేదాకా మా మగాళ్ళు ఇంటి పనికి దొరకరు. ఓవీడ్ వరిమిల్లులో ధాన్యం ఆరబెట్టే యంత్రం చూసుకుంటాడు. అతని దగ్గర వాళ్ళ నాన్న వాడిన పాత పంపు తుపాకీ ఒకటుంది. దాన్ని కాల్చిన ప్రతిసారీ ముందుచెక్కను వెనక్కి లాగి మళ్ళీ ముందుకు తోయాలి. ఈ కొత్తది అలా కాదు, సెమీ ఆటోమేటిక్. వేలితో మీట నొక్కితే చాలు, పేలిపోయిన తూటాను అదే బయటికి విసిరేసి ఇంకోదాన్ని అదే లోపలికి తెచ్చుకుంటుంది. నున్నగా మెరిసే వాల్‌నట్ చెక్క. ఓవీడ్ దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చి లాలీకిచ్చాడు.

లాలీ అసలు పేరు యూలాలీ. ఇంటి ముందుగదిలో బ్యూటీ పార్లరు నడుపుతుంది. నేను ఆమె దగ్గర తలలు కడిగేదాన్ని, కాబట్టి ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది. మనిషి పొట్టి. కుర్చీలో కూర్చున్నవాళ్ళ నడినెత్తి అందాలంటే ఆమెకు పీట కావాలి. తుపాకీ భుజానికి పెట్టుకుంటే మీట దగ్గరికి వేలు చేరలేదు.

"కాస్త పొడుగైనట్టుంది షా," అన్నాడు ఓవీడ్. ముద్దొచ్చినా కోపమొచ్చినా మావాళ్ళ నోట్లో ముందు వచ్చేది ‘షా’నే. "నీకు ఇబ్బందైతే చెప్పు. అప్పుడప్పుడూ నేను వాడిపెడతాలే, తుప్పు పట్టకుండా."

"అప్పుడప్పుడూ అంటే?"

"శని, ఆదివారాలు. మిగతా రోజుల్లో పొద్దున పూట."

లాలీ తుపాకీ దించి అతని మొహంలోకి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా వేటకు వెళ్ళలేదు. వెళ్ళాలన్న ఆలోచన ఆ నిమిషం దాకా లేదు కూడా.

"ఇది నాది కదూ?"

"నీదే."

"అయితే నేనే కాలుస్తాను."

ఓవీడ్ నవ్వాడు. ఒక్కరోజు చూసి వదిలేస్తుందిలే అనుకున్నాడు పాపం.

మొదటిరోజు వెళ్ళొచ్చేసరికి లాలీ కుడిచెంప నల్లగా కమిలిపోయింది. బాతు ఈక కూడా రాలలేదు. పార్లరుకి వచ్చిన ఆడాళ్ళందరూ అద్దంలో ఆ చెంప చూసి గుసగుసలు మొదలెట్టారు. చివరికి పాస్టరమ్మలా గంభీరంగా ఉండే టీచరు ఎర్మైన్ గొంతు తగ్గించి అడిగింది.

"లాలీ, నిజం చెప్పు. ఓవీడ్ కొట్టాడా?"

"ఓవీడ్ కాదు, ఓవీడ్ ఇచ్చిన కానుక కొట్టింది."

జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన ముసలి ఓజెమ్ ఆ మాట విని పకపకా నవ్వాడు. ఆయన్ని ఊరంతా నాంక్ ఓజెమ్ అంటుంది, అంటే బాబాయి. చూపు మందగించేదాకా చుట్టుపక్కల తుపాకులన్నీ ఆయనే బాగుచేసేవాడు.

"అది నిన్ను కొట్టట్లేదమ్మాయ్, నువ్వే వెళ్ళి దానికి తగులుతున్నావు. చెక్క పొడుగు. నువ్వు మెడ సాచి దాన్ని అందుకుంటున్నావు. మోచెయ్యి వంచు."

లాలీ వంచింది. ఆయన మెడచుట్టూ ఉన్న గుడ్డ విప్పకుండానే లేచి, మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా ఆమె చేతిని టేపుతో కొలిచాడు. తరవాత తుపాకీ మీట నుంచి చెక్క చివరిదాకా కొలిచాడు. రెండింటికీ మధ్య తేడాను వేళ్ళతో చూపించి, "ఇంత కొయ్యాలి," అన్నాడు.

"కోస్తే పాడవదా?"

"చెక్కలో ఒక గొట్టముంటుంది, అందులో స్ప్రింగు. ముందు దాన్ని విప్పి బయటికి తియ్యి. అది ఎక్కడిదాకా వస్తుందో చూసి, ఆ చోటుకి తగలకుండా అవతలే కొయ్యి. గీత చుట్టూ టేపు అంటించు, లేకపోతే చెక్క పెచ్చులు లేస్తుంది. సన్నపళ్ళ రంపం ఉందా?"

రంపం పక్కింట్లో దొరికింది. లాలీ తుపాకీ చెక్కను జుట్టు ఉంగరాలు తిప్పే పెర్మింగు కుర్చీలో పడుకోబెట్టి, తువ్వాలు చుట్టి, నన్ను గట్టిగా పట్టుకోమంది. రంపం సగం దిగిందో లేదో, ఓవీడ్ చేతిలో వేడివేడి బూడాన్ పొట్లంతో తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. అన్నం, పంది మాంసం కూరిన ఆ బూడాన్ సాసేజీలంటే అతనికి ప్రాణం. అయినా పొట్లం నేల మీద పడేశాడు.

"అయ్యో! అయ్యో లాలీ! అది వాల్‌నట్టే!"

"అరవకు, చెయ్యి వణుకుతుంది."

"నాంక్, నువ్వైనా చెప్పవేం!"

"నేనే కదరా కొలతిచ్చింది," అన్నాడు ఓజెమ్.

"మళ్ళీ అతికించలేం కదా! ఇక ఆ తుపాకీ నేను... అంటే ఇంకెవరూ..."

రంపం చివరిదాకా దిగింది. ముక్క టక్కుమని కింద పడింది. లాలీ పొడి ఊదేసి అతనికేసి తిరిగింది.

"జుట్టు కత్తిరించేటప్పుడు కూడా అందరూ ఇలాగే ఏడుస్తారు షా. తరవాత అలవాటు పడతారు."

ఓవీడ్ ఆ సాయంత్రం నోరెత్తలేదు. బూడాన్ మాత్రం తిన్నాడు, దుమ్ము దులుపుకుని.

అక్కడితో ఆగితే ఆమె లాలీ ఎందుకవుతుంది? కోసిన చోట మెత్తటి రబ్బరు మడమ బిగించింది, భుజానికి దెబ్బ తెలియకుండా. చలికి తొడుగులు వేసుకున్న వేళ్ళకు పట్టు దొరకాలని తూటాను లోపలికి తోసే బోల్టుని లాగే పిడి తీసేసి దానికంటే పెద్దది పెట్టించింది. గొట్టం చివర గురి చూసుకునే పూస మసకవెలుతురులో కనబడట్లేదని దానికి గోళ్ళరంగు వేసింది, మెరిసే నారింజ రంగు. ఎర్మైన్ టీచరు అదే రంగు తన గోళ్ళకూ వేయించుకుంది. ఎండకు గొట్టం తళుక్కుమంటే బాతులు బెదిరిపోతాయని మట్టిరంగు పూసి, రెల్లుగడ్డి పోచల్లా గీతలు గీసింది. చాలా అందంగా వచ్చింది. ఆ రంగు రాలిపోకూడదని పైన హెయిర్‌స్ప్రే కొట్టింది. ధారాళంగా కొట్టింది.

తరవాతి సంగతి ఓవీడ్ పెదనాన్న కొడుకు యులీస్ పార్లరుకొచ్చి మరీ అందరికీ చెప్పాడు. మాటులో లాలీ, ఓవీడ్, తనూ కూర్చున్నారట. పరజ బాతులు గుంపుగా, వాటికి ఎరగా నీళ్ళ మీద తేలేసిన దీమం బొమ్మల మీదికి దిగాయట. లాలీ లేచి ఒకటి కాల్చింది, తగిలింది! రెండోదానికి మీట నొక్కింది. ఏమీ లేదు. బోల్టు సగం దారిలో ఆగిపోయి, పేలిన తూటాను పళ్ళతో కరుచుకున్నట్టు పట్టుకుంది.

"మరి హెయిర్‌స్ప్రే కొట్టాక కదులుతుందా?" అన్నాడు యులీస్. "గాలివానొచ్చినా అలాగే ఉంటుంది అని ఈవిడే కదా మా ఆవిడకి చెప్పేది! ఓవీడ్ నవ్వీ నవ్వీ వెనక్కి పడి నీళ్ళలోకి పోయాడు. బాతుని తేవాల్సిన కుక్క బాతుని వదిలేసి వాణ్ణి తేవడానికి దూకింది."

లాలీ ఆ రోజు పార్లరు మధ్యాహ్నమే మూసి, ఓజెమ్‌ని కూర్చోబెట్టి, తుపాకీని ముక్కముక్కగా విప్పింది. గోళ్ళరంగు తుడిచే మందుతో కడగబోతే ఆయన కర్రతో నేల మీద కొట్టాడు.

"ఆ మందు తగిలితే పైపూత పోతుంది! కిరోసిన్ తే. తూటా పేలినప్పుడు వచ్చే పొగే ఈ బోల్టుని వెనక్కి తోసేది. ఈ చిన్న రంధ్రాలు పూడుకుపోతే దానికి బలమెక్కడిది? కడుగు, తుడు, నూనె చుక్కంటే చుక్కే వెయ్యి. వంట చేస్తున్నట్టు పొయ్యకు."

గొట్టం కిందున్న తూటాల గొట్టంలోంచి పెన్సిలంత చెక్కపుల్ల ఒకటి జారిపడింది.

"ఇదేంటి నాంక్?"

"అడ్డుపుల్ల. అది ఉంటే తుపాకీలో మూడు తూటాలకి మించి పట్టవు. బాతుల వేటకి అది ఉండి తీరాలని చట్టం. అన్నీ అయ్యాక మర్చిపోకుండా మళ్ళీ దూర్చు."

అన్నీ కడిగి ఎండ తగిలేలా వరండాలో పరిచింది. పార్లరంతా కిరోసిన్ కంపు. ఆ వారం పెర్మింగు చేయించుకున్న ఆడాళ్ళ పక్కన కూర్చుని సిగరెట్టు వెలిగించాలంటే మగాళ్ళు భయపడ్డారు.

మళ్ళీ వేటకు వెళ్ళిన రోజు నన్నూ రమ్మంది. "నువ్వు చూసి చెప్పు క్లోతీల్, యులీస్ నోటికి రెక్కలెక్కువ." తెల్లవారుతుండగా పడవలో వెళ్ళాం. మాటంటే తుంగ, రెల్లు కప్పిన చెక్కపెట్టెలాంటి గది, అంతే. అందులో నలుగురం, బూలెట్ అనే తడి కుక్క, ఒక ఫ్లాస్కు కాఫీ. పొగమంచు. బాతుల రెక్కల చప్పుడు వినబడుతోంది గాని బాతులు కనబడటం లేదు.

అంతలో సూదితోక బాతులు మంచులోంచి ఒక్కసారిగా ఊడిపడ్డాయి. యులీస్ కాల్చాడు, తప్పాడు. ఓవీడ్ కాల్చాడు, ముందుచెక్క లాగి తోసేలోపు అవి పైకి లేచిపోయాయి. లాలీ లేచి నిలబడింది. తుపాకీ ఈసారి ఆమె చెంపకి తనంతట తనే వచ్చి ఆనుకున్నట్టుంది. మెడ సాచలేదు, తల వాల్చలేదు. ఒకటి పడింది. ఖాళీ తూటా ఎగిరి యులీస్ కాఫీలో పడింది. రెండో దెబ్బకి ఇంకోటి రెక్కలు ముడిచి నీళ్ళలో పడింది. అందరం నోళ్ళు తెరుచుకు చూశాం. బూలెట్ మాత్రం తన పని తను చూసుకుంది.

"నా కాఫీ..." అన్నాడు యులీస్.

"హెయిర్‌స్ప్రే వాసనొస్తోందేమో చూడు," అంది లాలీ.

ఆ సంబరంలో పడవ చప్పుడు మాకు వినబడలేదు. వేట ఇన్‌స్పెక్టరు హాలిస్ మాటు పక్కకే వచ్చి ఆగాడు. చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే, అయినా డ్యూటీలో ఉంటే కన్నతల్లినైనా అడుగుతాడు.

"శుభోదయం. లైసెన్సులు, తుపాకులు."

లాలీ తుపాకీ చూడగానే అతని కనుబొమ్మలు పైకి లేచాయి. గోళ్ళరంగు పూస చూసి దగ్గాడు. తూటాలు దూర్చి చూశాడు, మూడు పట్టాయి, నాలుగోది పట్టలేదు. బాగుందని తిరిగిచ్చాడు. యులీస్‌దీ అంతే. తరవాత ఓవీడ్‌ది తీసుకున్నాడు. మూడు పట్టాయి. నాలుగోది కూడా దూరింది. అయిదోది కూడా దూరింది.

"అడ్డుపుల్ల ఏది ఓవీడ్?"

"లేదు."

"నాకు కనబడుతూనే ఉంది లేదని. ఎందుకు లేదు?"

"నేను మూడే వేశాను హాలిస్."

"ఎన్ని వేశావని కాదు, ఎన్ని పడతాయన్నదే లెక్క. నీకు తెలియనిదా?"

హాలిస్ కేసు రాసిచ్చి, లాలీకి టోపీ ఎత్తి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. పడవ చప్పుడు దూరమయ్యేదాకా ఆగి లాలీ అంది:

"ఇన్నేళ్ళుగా వేటాడుతున్నావు. పుల్ల ఎక్కడ పోగొట్టావు?"

ఓవీడ్ గడ్డంతో ఆమె తుపాకీ వైపు చూపించాడు.

"అందులో ఉంది."

"నాదాంట్లో నాదుంది. బిగించేటప్పుడు దూర్చాననే గుర్తు."

"నీది బూలెట్ నమిలేసింది. మొన్న వరండాలో ఆరబెట్టావుగా. పొద్దున బయల్దేరుతుంటే దాని పరుపు మీద ముక్కలు కనబడ్డాయి. నువ్వు ఫ్లాస్కు తేవడానికి లోపలికెళ్ళినప్పుడు నాది తీసి నీదాంట్లో దూర్చాను. మిల్లుకెళ్ళి కొత్త పుల్ల చెక్కే టైము లేదు."

అందరం కుక్క వైపు తిరిగాం. బూలెట్ తోక ఆడించింది, తనని మెచ్చుకుంటున్నారనుకుని.

"నాకు చెప్పొచ్చుగా," అంది లాలీ. గొంతు మెత్తబడింది.

"చెబితే నువ్వు రావు. ఆ తుపాకీ అంత కష్టపడి కోశావు... అదెలా కాలుస్తుందో నేనూ చూడాలి కదా."

లాలీ అతని టోపీని కళ్ళ మీదికి లాగేసింది. తరవాత తన కప్పులో మిగిలిన కాఫీ అతనికిచ్చింది. యులీస్ తన కప్పు కూడా చాపాడు గాని ఎవరూ పట్టించుకోలేదు.

జడ్జి దయతలచి ఓవీడ్‌కి ఒక శిక్ష వేశాడు. కొత్తగా వేట నేర్చుకునే వాళ్ళకి పెట్టే క్లాసులకి మళ్ళీ మొదటి నుంచి వెళ్ళి పరీక్ష పాసవ్వాలి. ఆ క్లాసులు ఊరి బడిలో జరుగుతాయి, వచ్చేదంతా పిల్లలే. చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేవాడట ఓవీడ్. పాఠం చెప్పేది ఎర్మైన్ టీచరు, నారింజరంగు గోళ్ళతో బోర్డు మీద తుపాకీ బొమ్మ చూపిస్తూ. అడక్కుండా మాట్లాడుతున్నాడని ఒకసారి అతన్ని బయట నిలబెట్టిందని కూడా అన్నారు. ఎర్మైన్ కాదంది, ఓవీడ్ అవునూ అనలేదు, కాదూ అనలేదు.

లాలీ రోజూ బండిలో దింపేది. పరీక్షరోజు పార్లరు మూసేసి బయట ఎదురుచూసింది. పాసయ్యాడు. మొదటి మార్కు జడలేసుకున్న ఒక పిల్లదానికి వచ్చింది, ఇతనికి రెండోది.

ఆ సాయంత్రం లాలీ బాతు గంబో అనే చిక్కటి పులుసు వండింది, పక్కన బంగాళాదుంపల సలాడు. నన్నూ, ఓజెమ్‌నీ పిలిచింది. ఓవీడ్ తింటున్నంతసేపూ క్లాసులో నేర్చుకున్నవి మాకు చెబుతూనే ఉన్నాడు. కంచె దాటేటప్పుడు తూటాలు తీసెయ్యాలి. గొట్టం ఎప్పుడూ మనుషులకేసి పెట్టకూడదు. పక్కవాడు ఎక్కడున్నాడో చూసుకోకుండా కాల్చకూడదు.

"ఇవన్నీ నీకు ముందు తెలియవా?" అన్నాడు ఓజెమ్.

"తెలుసు నాంక్. కానీ ఇప్పుడు వరసలో తెలుసు."

లాలీ అతని గిన్నెలో ఇంకో గరిటె పోసింది.

"తిను షా, చల్లారిపోతుంది. మిగిలిన పాఠం బాతులకి చెబుదువుగాని."